విద్యాలయపు గోడయు, విద్యార్థుల ఇచ్చిపుచ్చుకోలును

క్రీ. శ. 2000వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున అమెరికాదేశమందలి ఇండియానా విశ్వవిద్యాలయములో ఒక వింత తగవు పుట్టినది. విద్యాలయమునుండి బయటి ప్రపంచమునకు పోవు ఇంటర్నెట్టు మార్గమున జరుగు రాకపోకలలో సగమునకు మించినదానిని ఒకేయొక సాఫ్ట్‌వేరు ఆక్రమించుకొన్నదని అచ్చటి అధికారులు కనుగొనిరి. దాని పేరు నాప్‌స్టర్. వసతిగృహములందలి విద్యార్థులు దాని మూలమున పాటల ఫైళ్లను ఒకరి కంప్యూటరునుండి మఱియొకరి కంప్యూటరునకు నేరుగా పంపుకొనుచుండిరి. పరిశోధకుల లెక్కలు, ఆచార్యుల ఉత్తరములు అన్నియు ఆ పాటల వెనుక వరుసలో నిలువవలసివచ్చెను. అధికారులు వాకిలి మూసివేసిరి. విద్యార్థులు ఊరకుండక విన్నపములు వ్రాసి సంతకములు కూడగట్టిరి. మార్చి మాసమందే ఆ వాకిలి మఱల తెఱువబడినది. ఏల మూసిరో గ్రహించుట సులభము. ఏల తెఱచిరో గ్రహించుటకు కొంచెము వెనుకటి చరిత్ర తెలియవలెను.

తొలిదినములలో ఇంటర్నెట్టు తలుపులు లేని పల్లెవంటిది. ఎవరి యింటికైనను ఎవరైనను పోవచ్చును. 1988 నవంబరు 2వ తేదీ రాత్రి, కార్నెల్ విశ్వవిద్యాలయపు విద్యార్థి రాబర్ట్ టాపన్ మోరిస్ ఒక పురుగును విడిచిపెట్టెను. పురుగనగా తనంతట తానే పిల్లలను పెట్టుచు కంప్యూటరునుండి కంప్యూటరునకు ప్రాకు ప్రోగ్రాము. అది వేలకొలది యంత్రములను స్తంభింపజేసిన పిమ్మటగాని తలుపుల యవసరము జనులకు బాగుగా తెలిసిరాలేదు. అప్పటికే అక్కడక్కడ మొలకెత్తియున్న ఫైర్‌వాల్ అను రక్షణ అటుతరువాత వేగముగా వ్యాపించినది. 1994లో విలియం చెస్విక్, స్టీవెన్ బెల్లోవిన్ అనువా రిరువురు ఈ విషయముమీద వ్రాసిన గ్రంథము ద్వారపాలకులకు పాఠ్యపుస్తకమువంటి దయ్యెను.

పేరునకు గోడయేగాని నిజమునకు ఇది గవని వాకిట కూర్చున్న సుంకరి. ఇంటర్నెట్టులో పోవు ప్రతి సమాచారపు పొట్లముమీదను పంపినవాని చిరునామా, అందుకొనువాని చిరునామా, పోర్టు అను నొక సంఖ్య వ్రాసియుండును. ప్రతి కంప్యూటరును అనేక సహస్ర దిడ్డివాకిళ్లుగల కోట యనుకొన్నచో, పోర్టు సంఖ్య ఆ దిడ్డి సంఖ్య. వెబ్ పుటలకు 80వ దిడ్డి, ఉత్తరముల బట్వాడాకు 25వ దిడ్డి. సుంకరి ఈ గుఱుతులను చూచి కొన్నింటిని పోనిచ్చును, కొన్నింటిని పాఱవేయును. సాధారణముగా వాని కిచ్చిన యాజ్ఞ యిది: లోపలివారు బయటికి పోయి యేదైన నడిగినచో పోనిమ్ము, వారి ప్రశ్నకు ప్రత్యుత్తరము వచ్చినచో రానిమ్ము, పిలువని పేరంటముగా వచ్చినదానిని వాకిటనే త్రోసివేయుము.

ఆ 1994లోనే, చిరునామాలు చాలవను భయమున, ఒకే చిరునామాను ఒక మందిరమునందలి వారందఱు పంచుకొను ఉపాయమును కూడ ప్రకటించిరి. దీనికి నాట్ అని పొట్టిపేరు. 1999లోను 2001లోను దీని పరిభాషను, పద్ధతిని స్థిరపఱచిన పత్రములమీద పైడా శ్రీసురేశ్ అను పేరు కనబడును. అది తెలుగు చెవికి పరాయి పేరు కాదు. నాట్ వలన గోడ మఱింత యెత్తైనది. లోపలివాని నిజమైన గది సంఖ్య బయటివానికి తెలియనే తెలియదు.

ఈ యేర్పాటులో ఒక ఊహ దాగియున్నది. లోపలివాడు ఎప్పుడును అడుగువాడే, బయటివాడు ఎప్పుడును ఇచ్చువాడే యను ఊహ అది. అంగడి బజారులో నుండును, మనము ఇంటినుండి పోయి సరకు తెచ్చుకొందుము. అంగడివాడు మన యింట జొరబడి మన అటకమీది సరకు నడుగడు గదా! 1999 జూన్ మాసమున పదునెనిమిదేండ్ల ప్రాయముగల షాన్ ఫానింగ్ విడుదలచేసిన నాప్‌స్టర్ ఈ ఊహను తలక్రిందులు చేసినది. అందు ప్రతి యిల్లును అంగడియే. ఎవరియింట ఏ పాట యున్నదో తెలుపు పట్టిక మాత్రము నాప్‌స్టర్ సంస్థవారి యంత్రములలో నుండెడిది. పాట మాత్రము సాటివాని యింటినుండి సాటివాని యింటికే పోయెడిది. ఆంగ్లమున పీర్-టు-పీర్ అని వ్యవహరింపబడు పద్ధతి యిదియే. మనము దీనిని సాటివారి యిచ్చిపుచ్చుకోలు అనవచ్చును.

గోడచాటున నున్నవాడు అంగడి పెట్టుట యెట్లు? కొనువాడు బయటినుండి వచ్చి తలుపు తట్టినచో సుంకరి వానిని త్రోసివేయును. దీనికి నాప్‌స్టర్ ఒక యుక్తి పన్నినది. తలుపు తట్టవీలుగానప్పుడు, పట్టికయుంచిన యంత్రము గోడచాటువానికి కబురుపెట్టును: "ఫలానావాడు నీ పాట కోరుచున్నాడు, నీవే బయటికి పోయి యిచ్చి రమ్ము." బయటికి పోవువానిని సుంకరి ఆపడు కావున పని నెఱవేరును. కాని కోరువాడును ఇచ్చువాడును ఇరువురును గోడలచాటున నున్నచో ఆ యుక్తి సాగదు. పెండ్లికొడుకువారును పెండ్లికూతురువారును గడప దాటమని భీష్మించిన పెండ్లివలె ఆ వ్యవహారము ఆగిపోవును. ఈ చిక్కునకు ఉపాయము తరువాత దొరకినది. గోడల కావల నున్న మూడవవాడు ఇరువురికిని ఒకరి గుఱుతులు ఒకరికి తెలుపును. ఇరువురును ఒకేసారి ఒకరివైపు ఒకరు కబురంపుదురు. ప్రతి సుంకరియు ఎదుటినుండి వచ్చినది తనవాని ప్రశ్నకు ప్రత్యుత్తరమే యనుకొని పోనిచ్చును. దీనిని రంధ్రము చేయుట యందురు. 2005లో బ్రయన్ ఫోర్డ్, శ్రీసురేశ్, డాన్ కెగెల్ పరీక్షించి చూడగా, నాట్ యంత్రములలో నూటికి 82 వంతులు యూడీపీ పద్ధతిని ఈ రంధ్రమునకు చోటిచ్చినవి. టీసీపీ పద్ధతిని 64 వంతులు చోటిచ్చినవి. గోడ కట్టినవారి శాస్త్రమును వ్రాసినవాడే గోడకు రంధ్రము చేయు శాస్త్రమునకును తోడ్పడుట గమనింపదగినది. దొంగలకొఱకు కాదు, అదే ఉపాయముతోనే నేడు మనము దూరదేశమందలి బిడ్డలతో ముఖాముఖి మాటలాడుకొనుచున్నాము.

ఇక ఇండియానాకు వత్తము. మార్చిలో వాకిలి తెఱచుటకు కారణ మిది. విద్యాలయమువారును నాప్‌స్టర్‌వారును కూడి మాటలాడుకొనిరి. కోరిన పాటను సాఫ్ట్‌వేరు మొట్టమొదట విద్యాలయపు గోడలలోపలనే వెదకవలెను; లేనిచో ఇంటర్నెట్-2 అను విశాలమైన మార్గముచే కలుపబడిన తక్కిన విద్యాలయములలో వెదకవలెను; అక్కడను లేనిచో మాత్రమే వెలగల బయటిదారి పట్టవలెను. ప్రక్కగదిలో దొరకుదానికై పొరుగూరికి బండి కట్టనేల? ఈ యేర్పాటుతో ద్వారముకడ రద్దీ తగ్గునని అధికారులు నమ్మిరి. నా యెఱిగినంతలో, ఈ చరిత్రలో ద్వారపాలకుడును లోపలివాడును ఒక బల్లకడ కూర్చుండి మాటలాడుకొన్న ఘట్టములు బహుస్వల్పము. వానిలో ఇది మొదటివరుసలోనిది.

అది నిలువలేదు. ఏప్రిల్ 13వ తేదీన మెటాలికా యను గాయకబృందము నాప్‌స్టర్‌మీద వ్యాజ్యము వేయుచు, యేల్, ఇండియానా, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములనుకూడ ప్రతివాదులుగా చేర్చినది. యేల్, ఇండియానాలు నాప్‌స్టర్‌ను మూసివేసి వ్యాజ్యమునుండి బయటపడినవి. తెఱచిన వాకిలి మఱల మూతపడినది. ఫిబ్రవరిలో మూసినది దారి యిఱుకైనందున; ఏప్రిల్‌లో మూసినది సొత్తు పరులదైనందున. ఈ రెండు తగవులును వేఱు. వీనిని కలగాపులగము చేయుటచేతనే తరువాతి పదియేండ్లలో పెక్కు తప్పులు జరిగినవి. పాట వ్రాసినవానికి, పాడినవానికి హక్కు కలదు; దానిని కాదనుట నా యుద్దేశము కాదు. కాని హక్కు తగవు న్యాయస్థానమున తీఱవలసినది, దారి తగవు లెక్కతో తీఱవలసినది.

న్యాయస్థానమున నాప్‌స్టర్ ఓడినది. 2001 జూలైలో అది మూతపడెను. పట్టిక ఒకచోట నుండుటయే దాని చావునకు కారణమైనది. పట్టికను పట్టినచో అంతయు పట్టినట్లే. ఆ పాఠమును తరువాతివారు మఱువలేదు. 2000 మార్చిలో జస్టిన్ ఫ్రాంకెల్, టామ్ పెపర్ విడుదలచేసిన నూటెల్లాకు రాజే లేడు. అడుగు మాటను ఒకడు ప్రక్కవానికి, వాడు తన ప్రక్కవానికి అందించుచు పోవుటయే. వారి యజమాన్యమైన అమెరికా ఆన్‌లైన్ సంస్థ దానిని మఱునాడే తీసివేయించినను అప్పటికే అది చేతులు మాఱినది. 2001లో కజా వచ్చినది. అందు బలమైన కంప్యూటర్లు గ్రామపెద్దలవలె నిలిచి, తమచుట్టునున్నవారి సరకుల పట్టికలను తామే చూచుకొనెడివి.

ద్వారపాలకుని కష్టకాలము ఇప్పుడు మొదలైనది. కజా 1214వ దిడ్డిన నడచుచున్నదని తెలిసి దానిని మూసిరి. 2002లో వచ్చిన క్రొత్త కజా ఏ దిడ్డి తెఱచియున్నచో ఆ దిడ్డిన దూరుట నేర్చినది. ఏదియు లేనిచో 80వ దిడ్డిననే పోయెడిది. అది వెబ్ పుటల దారి. దానిని మూసినచో విద్యాలయమే మూతపడును. దొంగ పాలవాని వేషమున వచ్చినప్పుడు వీధిలోనికి పాలు రావద్దనుట యెట్లు? అంతట సంఖ్యలను చూచుట మాని పొట్లములను విప్పిచూచు యంత్రములను కొనిరి. ప్యాకెటీర్ సంస్థవారి ప్యాకెట్‌షేపర్ అట్టివానిలో పేరుపొందినది. అది పొట్లపు నడక తీరునుబట్టి ఇది కజా, ఇది వెబ్ అని పోల్చి, మొదటిదానికి సన్నని కాలువను విడిచి తక్కినవానికి వెడల్పు దారి నిచ్చెడిది. అది కొంతకాలము బాగుగా పనిచేసినది. పిమ్మట 2006 ప్రాంతమున సాఫ్ట్‌వేర్లు తమ మాటలను గూఢలిపిలో వ్రాయుట నేర్చినవి. విప్పిచూచినను చదువనలవిగాని పొట్లమును చూచి సుంకరి యేమి చేయగలడు? ఫ్లోరిడా విశ్వవిద్యాలయమువారు 2003లో ఇకారస్ అను యంత్రాంగమును పెట్టిరి. అది వసతిగృహపు కంప్యూటరులో ఇట్టి సాఫ్ట్‌వేరును కనిపెట్టినచో మొదటిమాఱు 30 నిమిషములు, రెండవమాఱు 5 దినములు ఇంటర్నెట్టును ఆపివేసెడిది. ఇది కఠినము, పని జరిగినదన్నమాటయు నిజమే. కాని వస్తువును చూడక పనిముట్టును చూచి శిక్షించు న్యాయమిది. తన వ్యాసమును తానే మిత్రునికి పంపుకొన్నవాడును పాట దొంగిలించినవాడును అందు సమానులే. దీనికంటె, "ఏమి పంపుచున్నావు?" అని యడుగక "ఎంత పంపుచున్నావు?" అని మాత్రమే యడిగి తలకు ఇంతయని కొలతపెట్టిన విద్యాలయముల పద్ధతి న్యాయమైనదని నాకు తోచును.

ఈ మూసివేతల నడుమ, గోడలోపల నిజముగా జరుగుచున్న దేమో కొలిచి చూచినవారు కొందఱు గలరు. సియాటిల్ నగరమందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమువారు 2002లో తమ ద్వారమునొద్ద లెక్కపెట్టగా, టీసీపీ పద్ధతిని పోవు బైట్లలో నూటికి సుమారు 37 వంతులు కజావియే; వెబ్ పుటలవి 14 వంతులు మాత్రమే. అంతటితో నిలువక, ఆ సంవత్సరమే 200 దినములపాటు కజా రాకపోకలను, 20 టెరాబైట్లకు మించినవానిని, పరిశీలించి 2003లో ఫలితములను ప్రకటించిరి. ఆ పరిశోధకులలో మద్రాసు ఐఐటీలో చదివిపోయిన కృష్ణ గుమ్మడి పేరు మొదట నుండును. వారు తేల్చిన లెక్క ఇది: ఒకసారి బయటినుండి తెచ్చినదానిని లోపలనే దాచియుంచినచో, బయటినుండి తెచ్చుకొన్న బైట్లలో నూటికి 86 వంతులు మఱల తేనక్కఱయే లేదు. అనగా విద్యార్థులు ఒకే వస్తువును ఒకరిప్రక్క నొకరు కూర్చుండి పదేపదే సముద్రములు దాటించి తెప్పించుకొనుచుండిరి. ప్రక్కగదిలో ఆ వస్తువున్నదని వారికి తెలియదు. తెలుపు ఏర్పాటును ఎవరును చేయలేదు.

అట్లయిన విద్యాలయమే ఒక కొట్టు కట్టి దాచి పంచిపెట్టవచ్చునుగదా యని శ్రోతలడుగవచ్చును. ఆ కొట్టున పరుల సొత్తు చేరినచో విద్యాలయమే దోషి యగునను భయము అడ్డువచ్చినది. అందుచేత పరిశోధకులు మఱియొక దారి సూచించిరి: విద్యాలయము దేనిని దాచనక్కఱలేదు, అడిగినవానిని లోపలనున్న సాటివానివైపు త్రిప్పిన చాలును. అందఱు కంప్యూటర్లు ఎల్లప్పుడును మేల్కొని యుండవు గనుక 86 వంతులు కాకపోయినను, భారములో చాల భాగము తగ్గునని చూపిరి. మూడేండ్ల క్రిందట ఇండియానావారును నాప్‌స్టర్‌వారును బల్లకడ కూర్చుండి చెప్పుకొన్న మాటకే ఇప్పుడు అంకెలు దొరకినవి.

మనదేశపు విద్యార్థులకు ఈ పాఠము ఎవరును చెప్పనక్కఱలేకపోయెను. ఇక్కడి కళాశాలలలో బయటిదారి సూదిబెజ్జము, లోపలిదారి రాజవీధి. వేలమంది విద్యార్థులకు కొన్ని మెగాబిట్ల దారి యున్నచోటగూడ, గదినుండి గదికి మాత్రము సెకనుకు 100 మెగాబిట్ల తీగ యుండెడిది. 2000 దశకమున ఐఐటీలవంటి విద్యాలయముల వసతిగృహములందు డీసీ++ అను సాఫ్ట్‌వేరు ఇంటింటి వస్తువయ్యెను. ఒక విద్యార్థి తన గదిలోని కంప్యూటరును హబ్, అనగా రచ్చబండ, చేసెడివాడు. అక్కడ అందఱును కలిసెడివారు, ఊసులాటయు సాగెడిది. హబ్ గోడలోపలనే యున్నందున సుంకరితో పనిలేదు. బయటివాడు తలుపు తట్టవీలున్నవానిని ఆ సాఫ్ట్‌వేరు చుఱుకైనవాడనియు, గోడచాటువానిని నిశ్చేష్టుడనియు రెండు జాతులుగా విభజించును. వసతిగృహములో అందఱును చుఱుకైనవారే. అందు సినిమాలు పోయినవి, పరుల సొత్తును పోయినది, దాచుటెందుకు? ఉపన్యాసముల వ్రాతలు, వెనుకటి ప్రశ్నపత్రములు, లినక్స్ ప్రతులు కూడ పోయినవి. బయటిదారిన ఒకడు రాత్రియంతయు మేల్కొని తెచ్చినదానిని తెల్లవారుసరికి నూఱుమంది పంచుకొనెడివారు. బయటిదారి రద్దీ పెరుగకుండుటకు అధికారులుకాదు, ఆ కుఱ్ఱవాండ్లే కారకులైరి.

అమెరికాలో గృహములకు ఇంటర్నెట్టు నిచ్చు కంపెనీలు మాత్రము వేఱుదారి పట్టినవి. 2001లో బ్రామ్ కోహెన్ సృష్టించిన బిట్‌టొరెంట్‌లో, పెద్ద ఫైలును ముక్కలుచేసి, తీసికొనువాడు తీసికొనుచునే ఇచ్చువాడగును. ఇయ్యనివానికి తక్కువ, ఇచ్చువానికి ఎక్కువ. 2007లో రాబ్ టోపోల్‌స్కీ అను ఇంజనీరు తనకు ప్రియమైన పాతకాలపు మంగలిదుకాణపు చతుర్గానములను, హక్కుల కాలము తీఱినవానిని, దీనిమూలముగా పంచుకొనబోగా అవి పోకుండుట చూచి కారణము వెదకెను. కామ్‌కాస్ట్ కంపెనీ యంత్రములు, మాటలాడుకొనుచున్న ఇరువురికిని ఎదుటివాడే వ్రాసినట్లు "ఇంతటితో ముగింతము" అను పొట్లములను కల్పించి పంపుచుండెను. ఆ అక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ పరీక్షించుటకై పంపినది బైబిలు గ్రంథము; అదియు ఆగిపోయినది. కంపెనీవారు మొదట తాము దేనిని ఆపుటలేదనిరి, పిమ్మట కొన్నింటిని ఆలస్యముమాత్రమే చేయుచున్నామనిరి. ద్వారపాలకుడు తలుపు మూయవచ్చును. అది వాని పని. నా మిత్రుని చేవ్రాలుతో నాకు దొంగయుత్తరము వ్రాయు హక్కు వానికి ఎవరిచ్చిరి? 2008 ఆగస్టులో ప్రభుత్వపు సమాచార కమిషను కంపెనీని తప్పుపట్టినది. 2010 ఏప్రిల్‌లో న్యాయస్థానము, ఆ కమిషనుకు అట్టి యధికారము లేదని తీర్పును కొట్టివేసినది.

దారి తగవునకు చక్కని విఱుగుడు కడకు సాఫ్ట్‌వేరువైపునుండియే వచ్చినది. బిట్‌టొరెంట్‌వారు క్రొత్త నడకను రూపొందించిరి. దాని శాస్త్రము 2012 డిసెంబరులో లెడ్‌బాట్ అను పేర పత్రముగా వెలువడినది. ప్రతి పొట్లమును దారిలో ఎంతసేపు నిలిచినదో అది కొలుచుకొనును. ఆలస్యము సెకనులో పదియవవంతునకు చేరవచ్చినచో, ఎవరో వెనుక త్వరగా పోవలసినవారున్నారని గ్రహించి తానే ప్రక్కకు తొలగును. దారి ఖాళీయైనచో మఱల వేగముగా పోవును. సుంకరి లేకుండగనే సందుగొందులలో బండ్లవాండ్రు ఒకరికొకరు దారియిచ్చుకొనుట వంటిది.

అంతలో కాలము మాఱినది. చూచుటయే గాని దాచుకొనుట తగ్గినది. 2012లో నెట్‌ఫ్లిక్స్ సంస్థ, జనులు తఱచుగా కోరు చిత్రములను నింపిన పెట్టెలను ఇంటర్నెట్టు నిచ్చు కంపెనీల భవనములలోపలనే ఉంచు ఏర్పాటును ప్రారంభించినది. దూరమునుండి పదేపదే తేనక్కఱలేకుండ, రాత్రి ఒకమాఱు నింపుకొన్నది మఱునాడెల్ల గోడలోపలివారికి పంచబడును. ఆ పెట్టెకు చోటును, విద్యుత్తును ద్వారపాలకుడే యిచ్చును.